గ్రే ఎలిజీ చదవాలి: పదాలు ముందా, లిటరరీ టర్మ్స్ ముందా?

పాలపిట్ట (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. డిగ్రీ దాకా తెలుగు మీడియం, స్పెషల్ తెలుగు. ఇప్పుడు ఎం.ఏ. ఇంగ్లీషు మొదటి సంవత్సరం. నవల, నాటకం ఎలాగో లాక్కొస్తున్నాను, పొయెట్రీ పేపర్ దగ్గరే టెన్షన్.

సిలబస్‌లో థామస్ గ్రే రాసిన ‘ఎలిజీ రిటన్ ఇన్ ఎ కంట్రీ చర్చ్‌యార్డ్’ ఉంది, పల్లెటూరి చర్చి సమాధుల మధ్య రాసిన శోకగీతం. 128 పంక్తులు. డిక్షనరీ పక్కన పెట్టుకుని కూర్చుంటే ఒక్కో మాటకీ అర్థం దొరుకుతోంది, పంక్తి మాత్రం అర్థం కావట్లేదు. ‘ద రూడ్ ఫోర్‌ఫాదర్స్ ఆఫ్ ద హామ్లెట్ స్లీప్’ అట. మర్యాద తెలియని పూర్వీకులా? హామ్లెట్ అంటే నాకు షేక్‌స్పియర్ నాటకమే తెలుసు.

రెండో బాధ టర్మ్స్. మెటఫర్, మెటానమీ, సినెక్డకీ... నిర్వచనాలన్నీ గడగడా అప్పజెప్పగలను. పద్యం ముందు పెట్టి ఇందులో ఏవున్నాయో చూపించమంటే చేతులెత్తేస్తున్నా. ఇంటర్నల్స్‌లో నాలుగు పంక్తులిచ్చి స్కాన్ చెయ్యమంటారట, అంటే ఛందస్సు గుర్తులు పెట్టి చూపించమని. ముందు టర్మ్స్ పుస్తకం పూర్తి చేసి పద్యంలోకి వెళ్ళాలా, పద్యంతో మొదలుపెట్టాలా? తెలుగులో వీటికి సమానమైన పదాలు ఉంటే చెప్పండి, గుర్తుంటాయి.

నెట్_సెట్_గో

టర్మ్స్ ముందు. సందేహమే లేదు. రేపు లెక్చరర్ అర్హతకి నెట్ పరీక్ష రాస్తారుగా? పేపర్ టూలో 100 ప్రశ్నలు, 200 మార్కులు, నెగటివ్ లేదు. ప్రతిసారీ టర్మ్స్ మీద ప్రశ్నలుంటాయి. మంచి గ్లాసరీ ఒకటి తీసుకుని ఏ నుంచి జెడ్ దాకా బట్టీ కొట్టండి. పద్యం తర్వాతైనా చదువుకోవచ్చు.

మాజీ_మాస్టారు (గుంటూరు)

పాలపిట్టమ్మా, పద్యంతోనే మొదలుపెట్టు. నెట్ బాబు మీద నాకు కోపం లేదు గానీ, ఏ నుంచి జెడ్ దాకా చదివినవాళ్ళు ఎల్ దగ్గరికొచ్చేసరికి ఏ మర్చిపోతారు. ముప్ఫై ఏళ్ళ పైన క్లాసులో నిలబడి చూసిన సంగతి ఇది.

నువ్వు స్పెషల్ తెలుగు చదివానన్నావు. పోతన పద్యం పరీక్షలో వస్తే ఏం చేసేదానివి? ప్రతిపదార్థం రాస్తావు, అన్వయం కుదుర్చుకుంటావు, తాత్పర్యం చెబుతావు, చివర్న అలంకారం, ఛందస్సు చూపిస్తావు. ఆ వరసే ఇక్కడా పనిచేస్తుంది. గైడ్లు మొదట తాత్పర్యం ఇచ్చేసి, చివర టర్మ్స్ జాబితా ఒకటి అంటిస్తాయి. మధ్యలో ప్రతిపదార్థం, అన్వయం ఎగిరిపోతాయి. నీకు అర్థం కానిది సరిగ్గా ఆ ఎగిరిపోయిన భాగమే.

ముందు ప్రతిపదార్థం. ఇది 1751లో అచ్చయిన కవిత. నీ దగ్గరున్న డిక్షనరీ ఇవాళ్టి అర్థం మొదట చెబుతుంది, గ్రే నాటి అర్థం మూడోదో నాలుగోదో అయి ఉంటుంది, చిన్న డిక్షనరీలో అసలు ఉండదు. ‘రూడ్’ అంటే ఇక్కడ చదువూ నాగరికతా అంటని, మోటు పల్లెజనం. తిట్టు కాదు. ‘హామ్లెట్’ అంటే చిన్న పల్లె. ‘ఆ పల్లెలోని చదువురాని తాతముత్తాతలు నిద్రపోతున్నారు’ అని. స్లీప్ అంటే చనిపోయి సమాధుల్లో ఉన్నారని. మనం కన్నుమూశారు అంటాం చూడు, అదే మర్యాద. దానికి యూఫమిజం అని పేరు. ఇదిగో, బట్టీ లేకుండా ఒక టర్మ్ వచ్చేసింది.

ఇలాంటివే ఇంకా ఉన్నాయి. ‘చిల్ పెన్యురీ రిప్రెస్డ్ దెయిర్ నోబుల్ రేజ్’ అన్నచోట రేజ్ అంటే కోపం అనుకుంటే పంక్తి చెడుతుంది. అది కవిలో, వీరుడిలో ఎగసే ఆవేశం. పేదరికం దాన్ని గడ్డకట్టించింది అంటున్నాడు. ‘హౌ జోకండ్ డిడ్ దే డ్రైవ్ దెయిర్ టీమ్ అఫీల్డ్’లో టీమ్ అంటే క్రికెట్ జట్టు కాదు, నాగలి లాగే పశువుల జత. ‘యానిమేటెడ్ బస్ట్’ అంటే ప్రాణం ఉన్నట్టు చెక్కిన శిల్పం. ‘ప్రొవోక్’ అంటే రెచ్చగొట్టడం కాదు, పిలిచి లేపడం. ‘ద పాత్స్ ఆఫ్ గ్లోరీ లీడ్ బట్ టు ద గ్రేవ్’లో బట్ అంటే కానీ కాదు, మాత్రమే. కీర్తి దారులన్నీ సమాధికే పోతాయి, ఇంకెక్కడికీ పోవు.

పెద్ద పదాలకు అందరూ డిక్షనరీ తీస్తారు. దెబ్బతీసేవి ఈ తెలిసిన చిన్న పదాలే.

గోడమీదిపిల్లి

ఇంత శ్రమ ఎందుకండీ. గైడ్‌లో సమ్మరీ చదివితే అరవై మార్కులు ఎక్కడికీ పోవు. మా బ్యాచ్ అంతా అలాగే పాసయ్యాం.

మాజీ_మాస్టారు (గుంటూరు)

పాసవుతారు నాయనా. ఆమె అడిగింది పాసవడం గురించి కాదు.

పాలపిట్ట (మహబూబ్‌నగర్)

మాస్టారూ, చాలా థ్యాంక్స్. టీమ్ అంటే కాడెద్దుల్లాంటివి అని తెలియగానే ఆ స్టాంజా మొత్తం కళ్ళముందుకొచ్చింది. సికిల్ అంటే కొడవలి, ఫరో అంటే నాగటి చాలు, గ్లీబ్ అంటే నేల. ‘ఆఫ్ట్ డిడ్ ద హార్వెస్ట్ టు దెయిర్ సికిల్ యీల్డ్’లో యీల్డ్ అంటే దిగుబడి అని రాసుకున్నా, అది కూడా వేరేనా?

మాజీ_మాస్టారు (గుంటూరు)

వేరే. లొంగిపోవడం. పంట వాళ్ళ కొడవలికి లొంగిపోయేది. పంటని యుద్ధంలో ఓడిన శత్రువులా చూపిస్తున్నాడు. తర్వాతి పంక్తిలో నేల ‘స్టబర్న్’, మొండిది, నాగలి దాన్ని విరగ్గొట్టింది. రైతులు ఇక్కడ వీరులు. ఆ మెటఫర్, అదే మన రూపకం, పట్టుకుంటే కవిత మొత్తం ఎటు పోతోందో తెలుస్తుంది. ఊళ్ళో రాజుని ఎదిరించిన ఒక హాంప్డెన్, మహాకవి ఒక మిల్టన్, దేశాన్నేలిన ఒక క్రామ్‌వెల్ కాగలిగినవాళ్ళు అవకాశం లేక మట్టిలో కలిశారు అని తర్వాత చెప్పబోతున్నాడు. దానికి ఇక్కడే రంగం సిద్ధం చేశాడు.

సాగరకన్య (విశాఖ)

మొదటి స్టాంజాలోనే రెండు మాటలు చెప్పాలి. ‘కర్ఫ్యూ’ అనగానే మనకు 144 సెక్షన్, పోలీసులు గుర్తొస్తారు. మధ్యయుగంలో రాత్రిపూట ఇళ్ళలో నిప్పు కప్పెయ్యమని గంట కొట్టేవారు. పాత ఫ్రెంచిలో ‘నిప్పు కప్పు’ అనే మాట నుంచి వచ్చింది. ‘నెల్’ అంటే చావుగంట. పొద్దు చనిపోతుంటే సాయంత్రపు గంట దానికి చావుగంటలా మోగుతోంది.

రెండోది ‘ద లోయింగ్ హర్డ్ వైండ్ స్లోలీ ఓర్ ద లీ’. దీన్ని విండ్ అని చదివి, గాలి మెల్లగా వీస్తోందని రాసిన పేపర్లు దిద్దీ దిద్దీ విసిగిపోయాను. అది వైండ్. మెలికలు తిరుగుతూ వెళ్ళడం. లోయింగ్ అంటే ఆవులు అంబా అనడం. లీ అంటే పచ్చిక బయలు. మంద అరుచుకుంటూ పచ్చిక బయలు మీదుగా మెలికలు తిరుగుతూ ఇంటికి పోతోంది. మన గోధూళి వేళే కదా.

అందుకే నా సలహా, కళ్ళతో చదవొద్దు. పైకి చదవాలి. ఉచ్చారణ తెలియకపోతే ఆన్‌లైన్ డిక్షనరీలో స్పీకర్ బొమ్మ నొక్కితే వినిపిస్తుంది.

ఛందోబంధం (తణుకు)

తెలుగు పండితుణ్ణి. ఇంగ్లీషు నా సబ్జెక్టు కాదు. అయినా స్కానింగ్ మాట రాగానే ఆగలేకపోయాను. పాలపిట్టగారూ, మీకు యమాతారాజభానసలగం వచ్చుగా? అయితే వాళ్ళ ‘ఫుట్’ అంటే మన గణమే. చూడండి:

అయాంబ్ అంటే లఘువు తర్వాత గురువు. మన వగణం.
ట్రోకీ దానికి తిరగేసి. హగణం.
స్పాండీ రెండు గురువులు, గగం.
డాక్టిల్ గురువు, రెండు లఘువులు. అచ్చం భగణం.
అనపెస్ట్ రెండు లఘువులు, గురువు. సగణం.

ఇంకా యాంఫిబ్రాక్ అని ఉంది, అది జగణం. క్రెటిక్ అంటే రగణం. ఎనిమిది గణాలకూ వాళ్ళ దగ్గర పేర్లున్నాయి. ‘అయాంబిక్ పెంటామీటర్’ అంటే పంక్తికి ఐదు వగణాలు, అంతే. భయపడాల్సిందేం లేదు.

ఒక హెచ్చరిక మాత్రం. ‘రైమ్’ని ప్రాస అని రాసుకోకండి. మన ప్రాస పాదంలో రెండో అక్షరానిది. వాళ్ళ రైమ్ పాదం చివర ఉంటుంది, అది అంత్యప్రాస. మొదటి స్టాంజాలో డే, లీ, వే, మీ అని చివర్లు చూస్తే మొదటిదీ మూడోదీ కలుస్తాయి, రెండోదీ నాలుగోదీ కలుస్తాయి. దాన్నే వాళ్ళు ఏబీఏబీ అని రాస్తారు.

నెట్_సెట్_గో

పండితులవారూ, ఇది బంగారం. స్క్రీన్‌షాట్ తీసుకున్నా. భగణం డాక్టిల్ అని ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు.

సాగరకన్య (విశాఖ)

బంగారమే, జాగ్రత్తగా వాడితే. నేను హైదరాబాద్ ఇఫ్లూలో (ఇంగ్లీషు, విదేశీ భాషల యూనివర్సిటీ) ఫోనెటిక్స్, అంటే ఉచ్చారణ శాస్త్రం, చదివాను కాబట్టి ఇక్కడ అడ్డుపడక తప్పదు.

గురులఘువులు కాలం మీద ఆధారపడినవి. దీర్ఘమైతే గురువు, ద్విత్వం సంయుక్తం ముందుంటే గురువు. ఇంగ్లీషు మీటర్, అంటే ఛందస్సు, కాలాన్ని చూడదు, నొక్కును చూస్తుంది. స్ట్రెస్. ‘స్లోలీ’ అన్న మాట తెలుగులో రాసి గురులఘువులు గుర్తించండి. రెండూ గురువులే, అంటే గగం. ఇంగ్లీషువాడి నోట్లో ‘స్లో’ మీదే నొక్కు, ‘లీ’ తేలిపోతుంది. మీ లెక్కన స్పాండీ, వాళ్ళ లెక్కన నొక్కు ఉన్నదొకటి, లేనిదొకటి. ‘వియరీ’ కూడా అంతే, చివరి ‘రీ’ దీర్ఘం కదా అని బరువు వేస్తే పంక్తి కూలిపోతుంది.

మనకు ఇంకో ఇబ్బంది ఉంది. తెలుగువాళ్ళం ప్రతి అక్షరాన్నీ ఇంచుమించు సమానంగా పలుకుతాం. అందుకే ఇంగ్లీషు పంక్తి మన చెవికి సాపుగా వినిపిస్తుంది, ఎగుడుదిగుడు తెలియదు. దానికి మందు డిక్షనరీలోనే ఉంది. ఉచ్చారణ పక్కన పైన చిన్న నిలువు గీత ఉంటుంది చూడండి, దాని వెంటనే వచ్చే అక్షరం మీద నొక్కు. కొత్త పదం నోట్ చేసుకునేటప్పుడు అర్థంతో పాటు ఆ గీత కూడా రాసుకోండి. పదాలు వేరే, మీటర్ వేరే అని రెండుసార్లు చదవక్కర్లేదు.

స్కాన్ చేసే వరస ఇది. ముందు రెండు మూడు అక్షరాల పదాల్లో నొక్కు ఎక్కడో డిక్షనరీ చూసి పెట్టండి. తర్వాత ఏకాక్షర పదాల్లో నామవాచకాలకు, క్రియలకు, విశేషణాలకు నొక్కు వెయ్యండి. ద, ఆఫ్, టు, అండ్, హిజ్ లాంటివాటికి మామూలుగా వేయరు. అప్పుడు పంక్తి దానంతటదే బయటపడుతుంది.

ద ప్లౌ | మన్ హోమ్ | వర్డ్ ప్లాడ్స్ | హిజ్ వియ | రీ వే

ఐదు అయాంబులు. ఎక్కడా తేడా లేదు.

ఛందోబంధం (తణుకు)

సాగరకన్యగారూ, ఒప్పుకుంటాను, ఒక షరతుతో. ఆ పేర్లు గ్రీకు, లాటిన్ల నుంచి వచ్చినవి. అక్కడ ఛందస్సు కాలం మీదే నడిచింది, హ్రస్వదీర్ఘాల లెక్కే. కాబట్టి నా పట్టిక ఆ పేర్ల పుట్టింటికి సరిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు పేర్లు తీసుకుని కాలం స్థానంలో నొక్కు పెట్టుకున్నారు. పాలపిట్టగారు ఆకారాలు గుర్తుపెట్టుకోవడానికి గణాలు వాడుకుంటారు, పంక్తి మీద గుర్తులు పెట్టేటప్పుడు మీ మాట వింటారు. సరేనా?

సాగరకన్య (విశాఖ)

సరే సార్. పరీక్షలో మాత్రం గురులఘువుల గుర్తులు వెయ్యొద్దు, దిద్దేవాళ్ళు కంగారుపడతారు.

పాలపిట్ట (మహబూబ్‌నగర్)

నేనూ ఒకటి ప్రయత్నించా.

ద కర్ | ఫ్యూ టోల్స్ | ద నెల్ | ఆఫ్ పార్ట్ | ఇంగ్ డే

ఇది బాగానే వచ్చింది. మంద పంక్తి దగ్గర ఆగిపోయా. ‘హర్డ్ వైండ్ స్లో’ మూడూ బరువుగానే అనిపిస్తున్నాయి. వైండ్ క్రియ కదా, నొక్కు వెయ్యాలిగా? వేస్తే లెక్క కుదరట్లేదు.

సాగరకన్య (విశాఖ)

మీ చెవి సరిగ్గా పట్టుకుంది. లెక్క ప్రకారం వైండ్ నొక్కు లేని చోట పడింది, పలికితే మాత్రం బరువుగానే ఉంటుంది. ‘వైండ్ స్లో’ని స్పాండీ అనేవాళ్ళున్నారు, అయాంబే గానీ బరువైన అయాంబ్ అనేవాళ్ళున్నారు. రెండిట్లో ఏది రాసినా ఎందుకో చెప్పండి. మూడు బరువైన అక్షరాలు వరసగా రావడంతో పంక్తి నడక మందగిస్తుంది, ఆవుల నడకా అదే. టర్మ్ రాసి ఊరుకుంటే ఒక మార్కు, దానివల్ల పంక్తికి ఏమైందో రాస్తే మిగతా మార్కులు.

మాజీ_మాస్టారు (గుంటూరు)

బాగా చెప్పారమ్మా. ఇప్పుడు అన్వయం సంగతి. పాలపిట్టా, ఈ స్టాంజాకి అన్వయం రాసి పెట్టు చూద్దాం:

‘ద బోస్ట్ ఆఫ్ హెరల్డ్రీ, ద పాంప్ ఆఫ్ పవర్,
అండ్ ఆల్ దట్ బ్యూటీ, ఆల్ దట్ వెల్త్ ఏర్ గేవ్,
అవెయిట్స్ అలైక్ ది ఇనెవిటబుల్ అవర్’

హెరల్డ్రీ అంటే వంశాల చిహ్నాల శాస్త్రం. పెద్దింటి పుట్టుక తాలూకు గొప్ప అనుకో. నాలుగో పంక్తి పైన చెప్పిన కీర్తి దారులే.

పాలపిట్ట (మహబూబ్‌నగర్)

వంశం గొప్పా, అధికార వైభవం, అందం, సంపద ఇచ్చినవన్నీ తప్పించుకోలేని ఆ ఘడియ కోసం ఒకేలా ఎదురుచూస్తున్నాయి.

మాజీ_మాస్టారు (గుంటూరు)

చాలామంది ఇలాగే చేస్తారు. క్రియ చూడు. అవెయిట్స్. చివర ‘స్’ ఉంది, ఏకవచనం. బోస్ట్, పాంప్, మిగతావన్నీ కలిస్తే బహువచనం కదా, అవి కర్త అయితే అవెయిట్ అనాలి. కాబట్టి కర్త చివర కూర్చున్న అవర్. ఆ ఘడియే కాచుకుని ఉంది, వీటన్నిటి కోసం. ఎదురుచూసేది చావు. మనుషులకు ఆ సంగతి తెలియదు.

వాక్యంలో కర్తని ఇలా వెనక్కి నెట్టడాన్ని ఇన్వర్షన్ అంటారు. తెలుగులో విభక్తి ప్రత్యయాలు ఉన్నాయి కాబట్టి పదాలు ఎటు తిప్పినా మనం దారి తప్పం. ఇంగ్లీషులో ఆ ఆసరా లేదు, క్రియ చివర ఉన్న ఒక్క అక్షరమే దారి చూపిస్తుంది. అందుకే గ్రేని, మిల్టన్‌ని చదివేటప్పుడు ముందు క్రియ వెతుక్కో, దానికి కర్త ఎవరో అడుగు.

నెట్_సెట్_గో

ఇప్పుడు నా వంతు. టర్మ్స్ ఒంటరిగా కాకుండా జంటలుగా చదివితే బాగా పట్టుబడతాయి, ఎందుకంటే ప్రశ్నలో ఆప్షన్లు ఎప్పుడూ అలాంటి జంటలే ఉంటాయి. బ్లాంక్ వర్స్, ఫ్రీ వర్స్ చూడండి. బ్లాంక్ అంటే ఏమీ లేదు కదా అని వచన కవిత అనుకుంటారు. కాదు, బ్లాంక్ వర్స్‌లో మీటర్ ఉంటుంది, అంత్యప్రాస మాత్రమే ఉండదు. అయాంబిక్ పెంటామీటర్ ఉండి రైమ్ లేకపోతే బ్లాంక్ వర్స్, మిల్టన్ ‘ప్యారడైజ్ లాస్ట్’ అదే. నియత ఛందస్సు లేకుండా నడిచేది ఫ్రీ వర్స్. మన వచన కవితకు దగ్గరిది ఇది.

గ్రేవి నాలుగు పంక్తుల స్టాంజాలు కాబట్టి క్వాట్రెయిన్. అయాంబిక్ పెంటామీటర్‌లో ఏబీఏబీ క్వాట్రెయిన్‌ని హీరోయిక్ క్వాట్రెయిన్ అంటారు. ఈ కవిత ప్రభావంతో ఎలిజియాక్ స్టాంజా అనే పేరు కూడా వచ్చింది. హీరోయిక్ కప్లెట్‌తో కలపొద్దు, అది రెండు పంక్తులది, అలెగ్జాండర్ పోప్ అనే కవి సొత్తు.

ఇంకో విషయం, ‘గ్రేవ్‌యార్డ్ పొయెట్స్’ అని అడుగుతారు. గ్రే, ‘నైట్ థాట్స్’ రాసిన ఎడ్వర్డ్ యంగ్, ‘ద గ్రేవ్’ రాసిన రాబర్ట్ బ్లెయిర్, థామస్ పార్నెల్. బ్లెయిర్‌ది 1743, గ్రేది 1751. వరసలో పెట్టమని అడిగితే పనికొస్తుంది.

మెటానమీ, సినెక్డకీ జంట మాత్రం నాకూ ఇప్పటికీ తిప్పలే. ఎవరైనా చెప్తే పుణ్యం.

ఛందోబంధం (తణుకు)

మా దగ్గర దీన్ని లక్షణ అంటారు. ‘గంగాయాం ఘోషః’ అని పాత ఉదాహరణ. గంగలో గొల్లపల్లె అంటే నీళ్ళ మధ్య పల్లె ఉండదు, గంగ ఒడ్డున ఉందని. పక్కనున్నదాని పేరుతో చెప్పడం. మెటానమీ ఇదే దారి. సినెక్డకీ అయితే ఆ వస్తువులోని భాగంతోనే వస్తువును చెప్పడం అని నేను అర్థం చేసుకున్నాను. గ్రేలో ఉందేమో ఇంగ్లీషువాళ్ళు చూపించాలి.

మాజీ_మాస్టారు (గుంటూరు)

ఉంది, రెండూ ఒకే స్టాంజాలో ఉన్నాయి. వెతుక్కునే పని లేదు.

‘పెర్‌హాప్స్ ఇన్ దిస్ నెగ్లెక్టెడ్ స్పాట్ ఈజ్ లెయిడ్
సమ్ హార్ట్ వన్స్ ప్రెగ్నెంట్ విత్ సెలెస్టియల్ ఫైర్;
హ్యాండ్స్, దట్ ద రాడ్ ఆఫ్ ఎంపైర్ మైట్ హావ్ స్వేడ్,
ఆర్ వేక్డ్ టు ఎక్స్‌టసీ ద లివింగ్ లైర్’

పాతిపెట్టింది గుండెని, చేతుల్ని కాదు, మనిషిని. గుండె, చేతులు మనిషిలో భాగాలు. కాబట్టి సినెక్డకీ. రాడ్ అంటే రాజదండం, లైర్ అంటే వీణలాంటి వాయిద్యం. దండం రాజ్యాధికారంలో ముక్క కాదు, వీణ కవిత్వంలో ముక్క కాదు. వాటితో ముడిపడిన వస్తువులు. కాబట్టి మెటానమీ. దానిలోంచి కోసిన ముక్కా, దాని పక్కన పెట్టిన వస్తువా అని అడుగు. ముక్క అయితే సినెక్డకీ.

ఈ స్టాంజా దాటాక కొద్ది దూరంలోనే ‘సమ్ మ్యూట్ ఇంగ్లోరియస్ మిల్టన్’ వస్తుంది. మూగవాడిగా, పేరు లేకుండా పోయిన ఎవరో మిల్టన్. అంటే మిల్టన్ అంతటివాడు కాగలిగినవాడు. ఒక మనిషి పేరును ఆ రకం మనుషులందరికీ వాడటం, అపర భీష్ముడు అన్నట్టు. దీన్ని ఆంటనమేసియా అంటారు.

ఈ చోటు చదివినప్పుడల్లా నాకు జాషువా గుర్తొస్తాడు. హరిశ్చంద్ర నాటకంలో కాటిసీను పద్యాలుగా జనం నోళ్ళలో నానిన ఆయన ‘శ్మశానవాటి’ విన్నవే కదా. కవి కలం అక్కడి నిప్పుల్లో కరిగిపోయిందంటాడు. గ్రే మట్టిలో కలిసిన కవిని అంటాడు, కవి కావడానికే అవకాశం రానివాణ్ణి. జాషువా చెప్పేది కవి అయినవాడి గురించి. రెండూ పక్కపక్కన పెట్టి చదువు, సెమినార్ పేపర్‌కి మంచి విషయం.

పాలపిట్ట (మహబూబ్‌నగర్)

కాటిసీను పద్యాలు మా తాతకి నోటికొచ్చు! సెమినార్‌కి అదే తీసుకుంటా మాస్టారూ.

ముక్కా, పక్కదా అన్నది బాగా ఎక్కింది. ఇంకో రెండు అనుమానాలు. ‘వియరీ వే’ అన్నాడు, దారి అలిసిపోవడమేంటి? ఇది పర్సానిఫికేషనా? ‘టాయిల్’కి ‘స్మైల్’ రైమ్ అని మా నోట్స్‌లో ఉంది. కలవట్లేదు కదా.

సాగరకన్య (విశాఖ)

అలిసింది రైతు, విశేషణం దారికి తగిలించాడు. ట్రాన్స్‌ఫర్డ్ ఎపిథెట్. మనం ‘నిద్రలేని రాత్రి’ అంటాం, నిద్ర లేనిది మనకి, రాత్రికి కాదు. పర్సానిఫికేషన్ కావాలంటే అదే టాయిల్, స్మైల్ స్టాంజాలో చూడండి. అంబిషన్ (అధికార కాంక్ష), గ్రాంజర్ (దర్పం) రెండూ పెద్ద అక్షరంతో మొదలవుతాయి. ఒకటి వెక్కిరించొద్దని, ఇంకొకటి చులకనగా నవ్వొద్దని కవి అంటున్నాడు. అధికార దర్పాలు మనుషుల్లా నిలబడి పేదల కథ వింటున్నాయి. 18వ శతాబ్దపు కవితలో నామవాచకానికి పెద్ద అక్షరం కనిపిస్తే ఒకసారి ఆగి, ఇది మనిషిలా ప్రవర్తిస్తోందా అని చూసుకోండి.

రైమ్ విషయానికొస్తే, ఆనాటి ఉచ్చారణలో ‘ఆయ్’ ధ్వని చాలామంది నోట ‘అయ్’కి దగ్గరగా ఉండేది. పోప్ కూడా ‘జాయిన్’కి ‘లైన్’ జత కట్టాడు. ఇవాళ్టి చెవికే కలవట్లేదు. కవిత చివర్లో ‘అబోడ్’, ‘గాడ్’ మాత్రం ఇవాళ విన్నా పూర్తిగా కలవవు, అలాంటివాటిని స్లాంట్ రైమ్ లేదా ఇంపర్ఫెక్ట్ రైమ్ అంటారు.

వైవాలో ఇబ్బంది పడకుండా ఇంకొక్క మాట. అతిశయోక్తిని హైపర్‌బోల్ అనకండి, హైపర్బలీ. సినెక్డోచ్ కాదు, సినెక్డకీ. టర్మ్ తెలిసి కూడా పలకలేక నీళ్ళు నమలడం అన్యాయం.

గోడమీదిపిల్లి

సరే, గైడ్ పక్కన పెట్టా అనుకోండి. ఇవన్నీ చెప్పే పుస్తకం కొనాలంటే వేలు పొయ్యాలా?

నెట్_సెట్_గో

అక్కర్లేదు. థామస్ గ్రే ఆర్కైవ్ అని ఉచిత వెబ్‌సైట్ ఉంది, పంక్తి పంక్తికీ నోట్స్. పొయెట్రీ ఫౌండేషన్ సైట్‌లో టర్మ్స్ గ్లాసరీ ఫ్రీ. పీజీ పాఠాల సైట్ ఈ-పీజీ పాఠశాలలో ఇంగ్లీషు మాడ్యూల్స్ ఉన్నాయి. మీ కాలేజీకి ఎన్-లిస్ట్ (కాలేజీలకు ఈ-పుస్తకాలు అందించే పథకం) సభ్యత్వం ఉంటే లైబ్రేరియన్‌ని లాగిన్ అడగండి, పుస్తకాలు ఇంట్లోంచే తెరుచుకోవచ్చు. చాలా కాలేజీల్లో అడిగేవాళ్ళు లేక అలా పడి ఉంటుంది.

మాజీ_మాస్టారు (గుంటూరు)

శామ్యూల్ జాన్సన్ 1755లో వేసిన డిక్షనరీ కూడా ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. గ్రే కవిత వచ్చిన నాలుగేళ్ళకే వేసినది కాబట్టి ఆనాటి అర్థాలు అందులో చూసుకోవచ్చు. జాన్సన్‌కి గ్రే మిగతా కవితలంటే పెద్దగా గిట్టదు. ఈ ఎలిజీని మాత్రం మెచ్చుకున్నాడు. ఇందులోని దృశ్యాలకు ప్రతి మనసులోనూ అద్దం ఉంటుందని ఆయన మాటల సారం. క్రిటికల్ అప్రిసియేషన్‌లో రాసుకో.

పాలపిట్ట (మహబూబ్‌నగర్)

నోట్‌బుక్ ఇలా పెట్టుకున్నా, చూసి చెప్పండి. ఎడమ పేజీలో స్టాంజా, నొక్కు గుర్తులు. కుడి పేజీలో ప్రతిపదార్థం, అన్వయం, కింద టర్మ్, దానివల్ల పంక్తికి ఏమైందో ఒక వాక్యం. టర్మ్స్ జాబితా విడిగా రాయట్లేదు.

ఒక పంక్తి మాత్రం కుదరట్లేదు. ‘ఫుల్ మెనీ ఎ జెమ్ ఆఫ్ ప్యూరెస్ట్ రే సెరీన్’. లెక్కపెడితే పదకొండు అక్షరాలు వస్తున్నాయి. పది ఉండాలిగా?

సాగరకన్య (విశాఖ)

‘మెనీ ఎ’ని కలిపి ‘మెన్య’ అని పలకాలి. మూడక్షరాలు రెండవుతాయి. ‘ఓవర్’ని ‘ఓర్’ అన్నదీ, ‘ది ఇనెవిటబుల్’లో ‘ది’ని మింగేసేదీ ఇదే కోవ. ఎలిజన్ అని రాయండి చాలు.

ఫుల్ మెన్ | య జెమ్ | ఆఫ్ ప్యూర్ | ఎస్ట్ రే | సె రీన్

ఛందోబంధం (తణుకు)

ఇకారానికి అకారం పరమైతే యకారం! అతి, అంత కలిస్తే అత్యంత. మెనీ, ఎ కలిస్తే మెన్య. ఇది యణాదేశ సంధి కాదా అండీ! మా టెన్త్ పిల్లలకు సోమవారం ఇదే ఉదాహరణ.

నెట్_సెట్_గో

ఇది నెట్‌లో ఎప్పటికీ అడగరు. అయినా రాసుకున్నా.